సీఐఏ ఆఫీసులో కాగితాల పని: ఒక గూఢచారిని పట్టించిన లంచ్ తేదీలు

ఈరోజు ఒక కాఫీ కప్పుతో మొదలుపెడతా.

స్టార్‌బక్స్‌లో కాఫీ చెబితే కప్పు మీద మన పేరు రాస్తారు కదా. పేరు తప్పు రాస్తే ఫొటో తీసి స్టేటస్ కూడా పెడతాం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో లాంగ్లీ అనే చోట ఒక స్టార్‌బక్స్ ఉంది. అక్కడ పేరు అడగరు, కప్పు మీద రాయరు. ఎందుకంటే అది సీఐఏ హెడ్ క్వార్టర్స్ లోపల ఉంది. 2014లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక దీని గురించి రాసింది. బిల్లు మీద కూడా ఊరు పేరు లేకుండా "స్టోర్ నంబర్ 1" అని మాత్రమే ఉంటుందట. అక్కడ కాఫీ కలిపే ఉద్యోగానికి కూడా ముందు మన చరిత్ర మొత్తం విచారిస్తారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కామెంట్స్‌లో చాలామంది "అన్నా, ఐబీ ఏసీఐఓ ఎగ్జామ్ రాస్తున్నా, లోపల పని ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. మన ఐబీ లోపలి సంగతులు నేను చెప్పలేను. కానీ సీఐఏ లోపల రోజువారీ ఆఫీసు పని ఎలా ఉంటుందో బయటికొచ్చిన సందర్భం ఒకటుంది. అమెరికా సెనేట్ కమిటీ, సీఐఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్, ఇద్దరూ 1994లో లోపలి ఫైళ్లు తిరగేసి రిపోర్టులు రాశారు. ఆ కేసు పని చేసిన ఇద్దరు ఆడవాళ్లు రిటైరయ్యాక పుస్తకం కూడా రాశారు. అందులో గన్ ఫైట్ లేదు, కారు ఛేజ్ లేదు. ఉన్నదల్లా బిల్లులు, రిజిస్టర్లు, లేట్‌గా ఇచ్చిన రిపోర్టులు, బ్యాంకు స్లిప్పులు. కానీ మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ కథ చెప్తా.

ముందు ఆఫీసు ఎలా ఉంటుందో ఊహించుకోండి. పొద్దున్నే వచ్చారు. ఫోన్ లోపలికి రాదు, కార్లో పెట్టి రావాలి. (మీలో సగం మంది ఉద్యోగం ఇక్కడే వదిలేశారు, నాకు తెలుసు.) మెడలో బ్యాడ్జి. మీ గదిలో బీరువా లాంటి పెద్ద ఇనప సేఫ్. ఎవరు తెరిచారు, ఎన్నింటికి తెరిచారు, ఎవరు మూశారు, మూసింది నిజమేనని ఎవరు చూశారు, అన్నీ ఒక షీటు మీద రాసి పొట్టి సంతకం పెట్టాలి. సాయంత్రం చెత్తబుట్టలో కాగితం ముక్క పడేయడానికి లేదు. దానికి వేరే సంచి, ఆ సంచి పోయి కాలిపోవాలి.

ఫైల్లో మనుషుల అసలు పేర్లు ఉండవు. మారుపేర్లుంటాయి. 1980ల మధ్యలో సోవియట్ వాళ్ల కేసులన్నిటికీ ముందు 'జీటీ' అనే రెండు అక్షరాలు తగిలించేవారు. రష్యన్ ఎంబసీ మనిషితో కాఫీ తాగినా సరే, తిరిగొచ్చి రిపోర్టు రాయాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏం మాట్లాడారు, మళ్లీ ఎప్పుడు కలుస్తారు. దాన్ని కాంటాక్ట్ రిపోర్ట్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇక ఖర్చుల లెక్క. గూఢచారి సినిమాల్లో హీరో ఎప్పుడైనా బిల్లులు అంటించి అకౌంట్స్ సెక్షన్‌కి పంపడం చూశారా? అసలు జీవితంలో ఆ పని తప్పదు. ఏజెంటుకి భోజనం పెట్టించినా లెక్క చెప్పాలి.

ఇప్పుడు మన కథలో మనిషి దగ్గరకు వద్దాం. పేరు ఆల్డ్రిచ్ ఏమ్స్. అందరూ రిక్ అనేవాళ్లు. వాళ్ల నాన్న కూడా సీఐఏలోనే పనిచేశాడు. 1957లో, ఇంకా హైస్కూల్లో ఉండగానే, వేసవి సెలవుల్లో ఆ ఆఫీసులోనే చిన్న ఉద్యోగం. ఏం ఉద్యోగం? రహస్య పత్రాల మీద గుర్తులు వేసి ఫైల్లో పెట్టడం. అంటే మొదలయ్యిందే ఫైళ్ల దగ్గర.

కానీ ఈయనకి కాగితాల పని అంటే చచ్చేంత చిరాకు. ఖర్చుల లెక్కలు టైముకి ఇవ్వడు. న్యూయార్క్‌లో పనిచేసేటప్పుడు దీని మీద మాట కూడా పడ్డాడు. 1976లో అక్కడే మెట్రో రైల్లో తన బ్రీఫ్‌కేస్ మర్చిపోయాడు. అందులో రహస్య పత్రాలున్నాయి. దొరికింది, సరే పోనీ అన్నారు. 1980 అక్టోబర్‌లో అత్యంత రహస్యమైన కమ్యూనికేషన్ సామాను ఆఫీసులో అలాగే బయట వదిలేసి వెళ్లిపోయాడు. అదీ పోనీ అన్నారు. తాగుడు ఉంది. లంచ్‌కి వెళ్లి తాగొచ్చి టేబుల్ మీద నిద్రపోతాడని తర్వాత రోమ్ ఆఫీసులో అందరికీ తెలుసు. అదీ పోనీ. ఇలాంటివాడు 1983లో ఎక్కడ కూర్చున్నాడంటే, సోవియట్ విభాగంలో కౌంటర్ ఇంటెలిజెన్స్ బ్రాంచికి హెడ్‌గా. అంటే రష్యాలో అమెరికా కోసం రహస్యంగా పనిచేస్తున్న మనుషుల ఫైళ్లు తెప్పించుకుని చదివే సీటు.

మన ఆఫీసుల్లో కూడా ఇది చూస్తాం కదా. "ఆయన అంతేలే, కొంచెం బద్ధకం, మనిషి మంచోడు." ఆ ఒక్క మాటతో ఎన్ని ఫైళ్లు మూసేస్తారో.

1985 ఏప్రిల్ 16. ఏమ్స్‌కి అప్పులున్నాయి, విడాకుల ఖర్చులున్నాయి, పెళ్లి చేసుకోబోయే రొసారియో ఖర్చులున్నాయి. వాషింగ్టన్‌లో సోవియట్ ఎంబసీలోకి నడుచుకుంటూ వెళ్లి ఒక కవర్ ఇచ్చాడు. 50,000 డాలర్లు అడిగాడు. వచ్చాయి. ఇక్కడ అసలు విచిత్రం వినండి. సోవియట్ ఎంబసీ వాళ్లని కలవడానికి ఈయనకి ఆఫీసు పర్మిషన్ ఉంది! సెర్గీ చువాఖిన్ అనే దౌత్యవేత్తతో పరిచయం పెంచుకుని మనవైపు లాగుతానని ముందే చెప్పి ఒప్పించుకున్నాడు. కాబట్టి వీళ్లిద్దరూ పట్టపగలు రెస్టారెంట్‌లో కూర్చుని లంచ్ చేయొచ్చు. ఆఫీసు దృష్టిలో అది డ్యూటీ. ఏమ్స్ కాగితాలు ఇస్తాడు, చువాఖిన్ సంచిలో డబ్బులిస్తాడు.

1985 జూన్ 13న జార్జ్‌టౌన్‌లో చాడ్విక్స్ అనే రెస్టారెంట్‌లో ఇచ్చాడు అసలు సరుకు. ఆఫీసు టేబుల్ మీద ఉన్న కేబుల్స్‌ని ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టాడు, రెండు మూడు కిలోల బరువు. బ్యాడ్జి చూపించి గేటు దాటి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు. అంత కాపలా, అన్ని సంతకాలు, సేఫ్ మీద షీటు, ఇవన్నీ బయటివాడు లోపలికి రాకుండా. లోపలివాడు కూరగాయలు పట్టుకెళ్లినట్టు పట్టుకెళ్లాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఏమ్స్ తన ఉత్తరాల్లో వాడుకున్న మారుపేరు కొలొకొల్. రష్యన్‌లో గంట అని అర్థం. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు అంటాం మనం. ఇక్కడ పిల్లి పేరే గంట!

ఆ కవర్లో ఏముందంటే, మనుషులు. సోవియట్ యూనియన్‌లో అమెరికా కోసం పనిచేస్తున్న దాదాపు ప్రతి ముఖ్యమైన మనిషి వివరం. 1985 చివరికి, 1986కి, ఒక్కొక్కరే మాయమైపోవడం మొదలైంది. వాషింగ్టన్‌లోని సోవియట్ ఎంబసీలో పనిచేసిన వలేరీ మార్తీనోవ్, సెర్గీ మోతోరిన్, ఇద్దరినీ మాస్కోలో చంపేశారు. మొత్తం మీద కనీసం పది మందికి మరణశిక్ష పడిందని లెక్క.

వాళ్లలో ఒకాయన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి నాకు. దిమిత్రీ పోల్యకోవ్. సోవియట్ మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో జనరల్. 1961 నుంచి అమెరికాకి సమాచారం ఇచ్చాడు. మధ్యలో మన న్యూఢిల్లీలో కూడా సోవియట్ మిలిటరీ అటాషేగా పనిచేశాడు. అక్కడి నుంచే 1980లో మాస్కోకి పిలిపించారు, మళ్లీ బయటికి రాలేదు. ఆయన డబ్బు కోసం చేసినవాడు కాదు. సంవత్సరానికి మహా అయితే 3,000 డాలర్ల విలువ, అదీ ఎక్కువగా వస్తువుల రూపంలో. వడ్రంగి పనిముట్లు, చేపలు పట్టే సామాను, వేట తుపాకులు. మీరు పట్టుబడితే ఏమవుతుందని ఎవరో అడిగితే, పేరు లేని ఉమ్మడి సమాధి అన్నాడట. 1986లో పట్టుకున్నారు. 1988లో మరణశిక్ష అమలు చేశారు.

లాంగ్లీలో ఈ పోల్యకోవ్ ఫైలు చూసిన అధికారుల్లో ఒకావిడ శాండీ గ్రైమ్స్. ఏళ్ల తరబడి ఆయన పంపిన ప్రతి కాగితం చదివింది. ఈవిడ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

ఇన్ని కేసులు ఒకేసారి కూలిపోతే ఏజెన్సీ ఏం చేసింది? 1986 చివర్లో ఒక చిన్న టీమ్ వేశారు. దానికి హెడ్ జీన్ వెర్టఫెయ్. 1954లో టైపిస్టుగా చేరిన మనిషి. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, చూడ్డానికి లైబ్రేరియన్‌లా ఉంటుంది. ఏజెన్సీ మాత్రం ఈ పనికి పెద్దగా మనుషులని ఇవ్వలేదు. ఎక్కడో లైన్లో సమస్య, కోడ్ పగిలిందేమో, మాస్కోలో ఎవరో తప్పు చేశారేమో అని రకరకాలుగా అనుకున్నారు. మనలో ఒకడు అనే మాట ఎవరికీ మింగుడు పడలేదు. ఒకటి రెండేళ్లకి ఆ పని చల్లబడిపోయింది.

ఈలోపు మన రిక్ గారు రోమ్‌లో మూడేళ్లు చేసి 1989లో తిరిగొచ్చారు. జీతం ఏడాదికి 70,000 డాలర్ల లోపు. వచ్చీ రాగానే వర్జీనియాలో ఇల్లు కొన్నాడు, 5,40,000 డాలర్లు, లోన్ లేకుండా, మొత్తం క్యాష్. జాగ్వార్ కారు. పాత గారపళ్ల స్థానంలో కొత్త తెల్లటి పళ్లు. ఇటాలియన్ సూట్లు. శాండీ గ్రైమ్స్‌కి ఈయన పాత పరిచయమే. 1970ల్లో ఇద్దరూ ఒకే కార్లో ఆఫీసుకి వెళ్లేవాళ్లు. అప్పుడు నలిగిన చొక్కాతో, మర్చిపోయే బుద్ధితో ఉండే మనిషి. ఇప్పుడు నిటారుగా నడుస్తున్నాడు.

1989 నవంబర్‌లో డయానా వర్తెన్ అనే సహోద్యోగి వెళ్లి చెప్పింది. రొసారియో ఆవిడకి స్నేహితురాలే. "వీళ్ల ఖర్చు వీళ్ల జీతానికి సరిపోదు, నాకు వాళ్ల పాత పరిస్థితి తెలుసు" అని. ఎంత కష్టమో ఆలోచించండి, స్నేహితురాలి ఇంటి గురించి ఆఫీసులో వెళ్లి చెప్పడం.

సరే, చెప్పింది కదా, ఏమైంది? ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. ఎంక్వైరీ ఒక్క మనిషికి ఇచ్చారు. ఇంటి మీద లోన్ లేదని ఆయన కనుక్కున్నాడు. తర్వాత? ఆయన్ని రెండు నెలల ట్రైనింగ్‌కి పంపారు. ఆయన సీట్లో ఇంకొకరిని వేయలేదు. ట్రైనింగ్ అయ్యాక వేరే పని అప్పగించారు. ఫైలు అలాగే ఉంది. రొసారియో వాళ్లది కొలంబియాలో డబ్బున్న కుటుంబమని ఏమ్స్ అందరికీ చెప్పుకునేవాడు. బొగోటాలో కనుక్కుంటే, అవును, బాగా ఉన్నవాళ్లే అని జవాబొచ్చింది. అది తప్పు. పలుకుబడి ఉన్న కుటుంబం, అంతేగానీ అంత డబ్బు లేదు. కానీ ఆ ఒక్క లైను ఫైల్లో పడగానే అందరికీ ప్రాణం కుదుటపడింది.

ఇంకా ఉంది. 1986లో ఒకసారి, 1991లో ఒకసారి లై డిటెక్టర్ పరీక్ష. రెండూ పాస్. ఎలాగని తర్వాత అడిగితే, కేజీబీ వాళ్లు చెప్పిన మంత్రం పెద్దదేమీ కాదట. రాత్రి బాగా నిద్రపో, పరీక్ష చేసేవాడితో స్నేహంగా ఉండు, కంగారు పడకు. అంతే. 1991లో పరీక్ష చేసినవాళ్లకి ఆ ఇల్లు, ఆ క్యాష్ వివరాలు సరిగ్గా అందలేదు. డబ్బు వివరం ఒక టేబుల్ మీద ఉంది, ప్రశ్నలు అడిగేవాడు ఇంకో టేబుల్ దగ్గర ఉన్నాడు. మధ్యలో కారిడార్. ఆ కారిడార్ దాటడానికి ఏళ్లు పట్టింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఈ ఛానల్ పెట్టకముందు నేను మూడేళ్లు ఒక కంపెనీలో ట్రావెల్ బిల్లులు చూసే సీట్లో కూర్చున్నా. కంపెనీ పేరు అనవసరం. సేల్స్ వాళ్లు నెలాఖరుకి కవర్ల నిండా బిల్లులు తెచ్చేవాళ్లు. ఒక సీనియర్ సార్ ఉండేవారు. నాకు టీ ఇప్పించేవారు, "ఏం నాన్నా, తిన్నావా" అని అడిగేవారు. ఒక నెల ఆయన బిల్లుల్లో ఒకే తేదీకి వరంగల్‌లో లాడ్జి రసీదు ఉంది, రాజమండ్రిలో భోజనం బిల్లు ఉంది. నేను చూశా. రెండు బిల్లులూ నా చేతిలోనే ఉన్నాయి. పొరపాటున పడి ఉంటుందిలే అని టిక్ పెట్టా. తర్వాత నెల కూడా అలాంటిదే ఒకటి, అదీ టిక్ పెట్టా. ఆరు నెలలకి ఆడిట్ వచ్చింది. ఆ బిల్లులు ఎంట్రీ చేసిన ట్రైనీ కుర్రాడు ఉన్నాడు, సిరిసిల్ల వైపు వాడు, చేరి ఏడాది కూడా కాలేదు. వాడు చూసుకోలేదని వాడిని పంపేశారు. నా టిక్ గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. వాడు వెళ్లేటప్పుడు నాకు స్టెప్లర్ ఇచ్చేసి, "అన్నా ఇది మీది" అన్నాడు. ఆ స్టెప్లర్ ఇంకా నా దగ్గరే ఉంది.

నావల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, అది వేరే సంగతి. కానీ ఏమ్స్ ఫైలు చదువుతుంటే "వీళ్లకి కళ్లు లేవా?" అని నేను మాత్రం అనలేను. కళ్లున్నాయి. చేతిలో కాగితం కూడా ఉంది.

సరే, కథలోకి. 1991. శాండీ గ్రైమ్స్ ఉద్యోగం వదిలేద్దామని నిర్ణయించుకుంది. ఆ మాట చెప్పడానికి పాల్ రెడ్మండ్ అనే పైఅధికారి దగ్గరకు వెళ్తే, ఆయన ఒక పని ఇస్తానన్నాడు. పోయిన ఏజెంట్ల విషయం మళ్లీ తవ్వుతున్నాం, జీన్‌తో కలిసి చేస్తావా అని. ఆవిడ వదులుకోలేని పని అదొక్కటే. ఉండిపోయింది. ఆర్థిక వివరాలు చూడటానికి డాన్ పేన్, ఎఫ్‌బీఐ నుంచి ఇద్దరు. అంతే టీమ్.

వీళ్లు మొదలుపెట్టింది లిస్టుతో. ఆ కేసులు తెలిసే అవకాశం ఉన్నవాళ్లు 198 మంది. దాన్ని 29కి తగ్గించారు. ఆ తర్వాత టీమ్‌లో ఒక్కొక్కరు తమ అనుమానం ఎవరి మీదో వరసగా రాసి ఓట్లు వేశారు. మొదటి పేరు ఏమ్స్. కానీ ఓట్లతో ఎవరినీ అరెస్టు చేయలేరు కదా.

లిస్టులో ఉన్నవాళ్లని పిలిచి మాట్లాడారు. 1991 నవంబర్‌లో ఏమ్స్‌ని కూడా. ఆయన అడగకుండానే ఒక సంగతి చెప్పాడు. 1985లో నా సేఫ్ తెరిచి వదిలేసి వెళ్లానని మాట పడ్డాను, అందులో కేసుల వివరాలున్నాయి, వేరే సేఫ్‌ల నంబర్లు కూడా ఉన్నాయి, అని. తెలివి చూడండి. రేపు ఎవరైనా నా టేబుల్ నుంచే పోయాయి అంటే, నేను బద్ధకస్తుణ్ణి, ఎవరో చూసి ఉంటారు అనడానికి దారి వేసుకుంటున్నాడు. ఇన్నాళ్లూ నిర్లక్ష్యం ఆయన అలవాటు. ఇప్పుడు అదే ఆయనకి గొడుగు.

గ్రైమ్స్ ఏం చేసిందంటే, ఏమ్స్ జీవితాన్ని తేదీల వారీగా రాయడం మొదలుపెట్టింది. ఏ రోజు సెలవు, ఏ రోజు బ్యాడ్జితో లోపలికి వచ్చాడు, ఏ రోజు ఊరెళ్లాడు, ఏ రోజు ఏ రిపోర్టు ఇచ్చాడు. ఎక్సెల్ షీట్ అనుకోండి. నెలల తరబడి అదే పని. మరోపక్క డాన్ పేన్ బ్యాంకులకి అధికారికంగా ఉత్తరాలు రాసి 1992లో ఏమ్స్ ఖాతాల లెక్కలు తెప్పించాడు. ఆగస్టులో ఒకరోజు పేన్ డిపాజిట్ తేదీలు చదువుతుంటే గ్రైమ్స్ తన షీటులో చూస్తోంది.

1985 మే 17, చువాఖిన్‌తో లంచ్. మే 18, బ్యాంకులో 9,000 డాలర్ల క్యాష్.

జూలై 2, లంచ్. జూలై 5, 5,000 డాలర్లు.

జూలై 31, లంచ్. అదే రోజు 8,500 డాలర్లు.

అమెరికాలో 10,000 డాలర్లు దాటి క్యాష్ వేస్తే బ్యాంకు ప్రభుత్వానికి చెప్పాలి. అందుకే 9,000, అందుకే 8,500. గ్రైమ్స్ లేచి నేరుగా రెడ్మండ్ గదికి వెళ్లి, రిక్ రష్యన్ల మనిషే అని చెప్పేసింది.

ఇప్పుడు చెప్పండి, ఆ లంచ్ తేదీలు ఆవిడకి ఎక్కడ దొరికాయి? కాంటాక్ట్ రిపోర్టులు. ఏమ్స్ తన చేత్తో తనే రాసి ఇచ్చినవి. పర్మిషన్‌తో కలిశాడు కాబట్టి మొదట్లో రిపోర్టులు ఇవ్వక తప్పలేదు. జీవితమంతా కాగితాల పని ఎగ్గొట్టినవాడు, ఆ నాలుగు కాగితాలు మాత్రం ఇచ్చాడు. తర్వాత మామూలుగానే మానేశాడు. మిగతా లంచ్‌ల రిపోర్టులు ఏవని ఎఫ్‌బీఐ అడిగింది, సీఐఏ ఆయన్ని అడిగింది. జవాబు లేదు. మళ్లీ గట్టిగా అడిగినవాళ్లూ లేరు. ఇవ్వాల్సిన రిపోర్టు ఇవ్వలేదేమని 1986లోనే ఎవరైనా ఫైలు పట్టుకుని కూర్చుని ఉంటే ఏమయ్యేదో! పోల్యకోవ్ ఆ ఏడాదే కదా అరెస్టయ్యింది, అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆయన పేరు అప్పటికే రష్యన్ల చేతికి వెళ్లిపోయింది, అదీ నిజమే.

మిగతాది గబగబా చెప్పేస్తా. 1993 మేలో ఎఫ్‌బీఐ పూర్తి స్థాయి కేసు తెరిచింది. సెప్టెంబర్‌లో ఇంటి ముందు చెత్తడబ్బా రాత్రిపూట మార్చేసి వెతికితే, బొగోటాలో కలవాలని రాసి చింపేసిన చిన్న పసుపు కాగితం దొరికింది. అదీ కాగితమే, అదీ ఆయన నిర్లక్ష్యమే. 1994 ఫిబ్రవరి 21న, మాస్కోకి ఆఫీసు పని మీద బయల్దేరాల్సిన ముందు రోజు, జాగ్వార్‌లో ఇంటి దగ్గరే ఆపి అరెస్టు చేశారు. అప్పటికి ఆయన తీసుకున్నది 20 లక్షల డాలర్లకి పైమాటే. ఏప్రిల్‌లో యావజ్జీవ శిక్ష పడింది. రొసారియోకి తర్వాత 63 నెలలు.

మరి తొమ్మిదేళ్లు చూడనివాళ్లకి? సీఐఏ డైరెక్టర్ జేమ్స్ ఊల్సీ 11 మందికి మందలింపు లేఖలు ఇచ్చాడు. అందులో చాలామంది అప్పటికే రిటైరైపోయారు. ఉద్యోగం పోయినవాళ్లు ఎంతమంది అంటే, సున్నా. అమెరికన్ పార్లమెంటు సభ్యులు మండిపడ్డారు. అదే ఏడాది చివర్లో ఊల్సీ రాజీనామా ప్రకటించాడు. 1995లో కొత్త ఉత్తర్వు వచ్చింది. రహస్య సమాచారం ముట్టుకునే ఉద్యోగి తన డబ్బు వివరాలు చూసుకోవడానికి ముందే ఒప్పుకోవాలి అని. అంటే ఇంకో ఫారం.

ఆ ఎగ్జామ్ రాసేవాళ్లు అడిగారు కదా, పని ఎలా ఉంటుందని. నాకు తెలిసినంతలో ఇలా ఉంటుంది. ఆగస్టు నెలలో ఒక గదిలో ఇద్దరు కూర్చుని, ఒకరు తేదీ చదువుతారు, ఇంకొకరు వేలు పెట్టి వెతుకుతారు.

చివరిగా ఒక్క ముక్క చెప్పి ఆపేస్తా. అరెస్టయ్యాక ఏమ్స్‌ని ప్రశ్నించడానికి జీన్ వెర్టఫెయ్ కూడా వెళ్లింది. అప్పుడు ఏమ్స్ ఒక సంగతి చెప్పాడు. నా మీదకి రాకుండా అనుమానం ఇంకెవరి మీదికైనా మళ్లించాలి, ఎవరి పేరు చెప్పొచ్చు అని కేజీబీ వాళ్లు ఒకప్పుడు నన్ను అడిగారు, నేను మీ పేరే చెప్పాను అని. ఎదురుగా కూర్చున్న ఆ మాజీ టైపిస్టు ఏం చేసిందో తెలుసా?

పగలబడి నవ్విందట.

వచ్చే ఆదివారం మళ్లీ కలుద్దాం. బై అండి.